పాత ఎలక్ట్రిక్ కారును కానుకగా ఇస్తే ఎవరికి మేలు?

అమెరికాలో ఎలక్ట్రిక్ కార్లు కొనేవారికి అక్కడి ప్రభుత్వం ఇస్తూ వచ్చిన పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసిపోయింది. కొత్త కారుకు 7,500 డాలర్ల వరకు, పాత కారుకు 4,000 డాలర్ల వరకు దొరికిన ఊరట ఆ రోజుతో ఆగింది. వీటిలో పాత కారుకు ఇచ్చిన రాయితీ సామాన్య కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని చేసింది. కారు ధర 25,000 డాలర్లు దాటకూడదనీ, భార్యాభర్తల ఆదాయం కలిపి 1,50,000 డాలర్లు మించకూడదనీ షరతులు పెట్టింది అందుకే. పెద్ద జీతం లేని కుటుంబానికి ఎలక్ట్రిక్ కారు అందుబాటులోకి రావడానికి ఉన్న ఒక దారి అలా మూసుకుపోయింది.

ఆ రాయితీని తీసేసిన 2025 జులై 4 నాటి చట్టమే విరాళాల లెక్కను కూడా మార్చింది. ఆ మార్పు 2026 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అమెరికాలోని మన తెలుగు విశ్వాసుల్లో ఎలక్ట్రిక్ కార్లు వాడేవారు చాలామందే ఉన్నారు. కొత్తది కొన్నాక పాతది ఇంటి ముందు నిలబడిపోతుంది. సరిగ్గా అప్పుడే, ఒక్క ఫోను చేస్తే చాలు, కారును ఉచితంగా మేమే తీసుకెళ్తాం, పన్ను మినహాయింపు రసీదు పంపిస్తాం అనే ప్రకటన కనబడుతుంది. ఇచ్చినట్టూ ఉంటుంది, వాకిలి ఖాళీ అయినట్టూ ఉంటుంది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే ఆ కారు వల్ల చివరికి బీదవాడికి చేరేది ఎంత అని అడిగి తెలుసుకునే బాధ్యత ఇచ్చేవారి మీద ఉంది.

బస్సు, రైలు సౌకర్యం అంతంతమాత్రంగా ఉన్న అమెరికా ఊళ్లలో కారు లేకపోతే ఉద్యోగం నిలబడదు. ఆసుపత్రికి వెళ్లడం, పిల్లలను బడికి దింపడం, ఆదివారం ఆరాధనకు రావడం, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. కనుక నడిచే కారు ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదు. నడవని కారు అదే కుటుంబాన్ని అప్పుల్లోకి దించగలదు. ఈ విషయాన్ని మన సంఘాలు జాగ్రత్తగా ఆలోచించాలి.

కానుకగా ఇచ్చిన కారు వెళ్లే దారి

మనం ఇచ్చిన కారును ధర్మసంస్థ ఎవరికో ఒక పేద కుటుంబానికి అప్పగిస్తుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా జరగదు. మధ్యలో ఉన్న ఒక ఏజెన్సీ కారును లాక్కెళ్లి వేలంలో పెడుతుంది. వచ్చిన డబ్బులో నుంచి తన ఖర్చులు, రుసుము మినహాయించుకుని, మిగిలింది ధర్మసంస్థకు పంపుతుంది.

ఈ పద్ధతిలో ఎంత నష్టం జరుగుతోందో 2003 నవంబరులో అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు పరిశీలించే జీఏఓ అనే కార్యాలయం బయటపెట్టింది. ఆ కార్యాలయం ఆరా తీసిన 54 వాహనాల్లో మూడింట రెండు వంతుల వాటి విషయంలో, దాతలు తమ పన్ను పత్రాల్లో చూపుకున్న విలువలో 5 శాతమో, అంతకన్నా తక్కువో మాత్రమే ధర్మసంస్థల చేతికి చేరింది. అంటే వెయ్యి డాలర్ల దానం అని కాగితం మీద రాసుకుంటే, సేవకు అందింది 50 డాలర్లు.

ఆ నివేదిక తర్వాత 2004లో చట్టం మారింది. 2005 నుంచి, సంస్థ కారును అమ్మేస్తే అది ఎంతకు అమ్ముడైందో అంత మాత్రమే దాత మినహాయింపుగా చూపుకోవాలి. కారు విలువ మనం ఊహించుకున్నంత రాసుకునే కాలం పోయింది. అమ్మకం ధర 500 డాలర్లు దాటితే సంస్థ 1098-సి అనే పత్రాన్ని అమ్మిన 30 రోజుల్లోగా దాతకు ఇవ్వాలి. అది లేకుండా 500 డాలర్లకు మించి మినహాయింపు అడగడానికి వీల్లేదు.

మార్కెట్ విలువ మొత్తాన్ని చూపుకునే సందర్భాలు కొన్ని మాత్రమే ఉన్నాయి. సంస్థ ఆ కారును తన పరిచర్యలో గణనీయంగా వాడుకోవాలి. లేదా దాని విలువ పెరిగేలా పెద్ద మరమ్మతు చేయించాలి. లేదా బీదలకు సహాయం చేయడమనే తన పని కోసమే దాన్ని అవసరంలో ఉన్న వ్యక్తికి ఉచితంగానో, మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకో ఇవ్వాలి. గమనించండి, కారు కారుగానే సేవకు ఉపయోగపడినప్పుడు చట్టం కూడా ఆ కానుకకు పూర్తి విలువ కడుతోంది.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. దాత చూపుకునేది వేలంలో పలికిన మొత్తం ధర. ఏజెన్సీ రుసుము పోగా మిగిలింది కాదు. కాబట్టి మన రసీదులో 2,000 డాలర్లని ఉన్నా, సంస్థకు అంతకన్నా తక్కువే చేరి ఉండవచ్చు. కారు అప్పగించే ముందే ఆ సంస్థకు ఫోను చేసి, నూరు డాలర్లకు అమ్మితే మీకు అందేది ఎన్ని డాలర్లని అడగాలి. నిజాయితీగా పనిచేసే సంస్థ ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వెనుకాడదు.

అమ్మి డబ్బు ఇస్తే?

కారు బాగా నడుస్తూ ఉంటే, దాన్ని మనమే అమ్మి ఆ డబ్బును కానుకగా ఇవ్వడం చాలాసార్లు మేలు. ఒక ఉదాహరణ చూద్దాం. భార్యాభర్తల ఆదాయం ఏడాదికి 2,00,000 డాలర్లు అనుకుందాం. వారి పాత కారు వేలంలో 4,000 డాలర్లు పలికింది. అదే కారును వారు స్వయంగా అమ్మితే 6,000 వచ్చేది.

2026 నుంచి వచ్చిన నియమం ప్రకారం, ఖర్చులను పద్దులవారీగా చూపుకునేవారు ఆదాయంలో అర శాతం దాటిన విరాళాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఈ దంపతుల విషయంలో ఆ అర శాతం 1,000 డాలర్లు. వారు వేరే విరాళాలేవీ ఇవ్వకపోతే 4,000లో 3,000 మాత్రమే లెక్కకు వస్తుంది. 22 శాతం పన్ను వర్గంలో ఉంటే తగ్గే పన్ను 660 డాలర్లు. క్రమంగా దశమభాగం ఇచ్చేవారికి ఆ అర శాతం దశమభాగంతోనే నిండిపోతుంది కనుక కారు విలువ పూర్తిగా లెక్కకు వస్తుంది.

పద్దులు చూపకుండా ప్రామాణిక మినహాయింపు తీసుకునేవారి సంగతి వేరు. 2026కు ఆ మినహాయింపు దంపతులకు 32,200 డాలర్లు. ఇలాంటి కుటుంబానికి కారు దానం మీద పన్నులో ఒక్క డాలరు కూడా తగ్గదు. అదే డబ్బు రూపంలో ఇస్తే, ఈ ఏడాది నుంచి ఒంటరివారికి 1,000 డాలర్ల వరకు, దంపతులకు 2,000 డాలర్ల వరకు అదనపు మినహాయింపు ఉంది. కాబట్టి కారు అమ్మి 6,000 డాలర్లు ఇచ్చిన కుటుంబానికి పన్నులో 440 డాలర్లు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పరిచర్యకు 6,000 డాలర్లు అందుతుంది. సొంతానికి వాడుకున్న కారును కొన్న ధరకన్నా తక్కువకే అమ్ముతాం కనుక ఆ అమ్మకం మీద పన్ను కూడా పడదు. ఎవరి లెక్క వారిది కనుక పన్ను నిపుణుణ్ణి ఒకసారి అడిగి చేయడం మంచిది.

అయితే అమ్మడంలో శ్రమ ఉంది. ఫొటోలు తీయాలి, ప్రకటన ఇవ్వాలి, చూడడానికి వచ్చేవారితో బేరమాడాలి, కాగితాలు మార్చాలి. రెండు శనివారాలు పోతాయి. ఆ రెండు శనివారాలు కూడా కానుకలో భాగమేనని గుర్తిస్తే భారం అనిపించదు. దావీదు రాజుకు అరౌనా తన కళ్లాన్నీ ఎడ్లనూ ఉచితంగానే ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు కాని దానితో బలి అర్పించడం ఇష్టం లేక వెల ఇచ్చి కొన్నాడు. మనకు ఏ కష్టమూ లేకుండా వాకిలి ఖాళీ చేసిపెట్టే కానుక గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోవాలి.

ఎలక్ట్రిక్ కారైతే ఏం చూడాలి?

పెట్రోలు కారులో ఇంజను ఎలా ఉందో మెకానిక్ చెవితో విని చెప్పగలడు. ఎలక్ట్రిక్ కారు విలువ అంతా బ్యాటరీలో ఉంటుంది. అది పైకి కనబడదు, వినబడదు. 2010 డిసెంబరులో అమెరికా మార్కెట్లోకి వచ్చిన నిస్సాన్ లీఫ్‌నే తీసుకోండి. మొదటి మోడల్ ఒకసారి చార్జ్ చేస్తే 73 మైళ్లు నడుస్తుందని ప్రభుత్వ లెక్క. ఆ బ్యాటరీని చల్లబరచడానికి ద్రవంతో పనిచేసే ఏర్పాటు లేదు. అరిజోనా లాంటి వేడి ప్రాంతాల్లో బ్యాటరీ త్వరగా శక్తి కోల్పోతోందని 2012లోనే యజమానులు ఫిర్యాదు చేశారు. ఇలాంటి పాత కారు ఇప్పుడు పనికి వెళ్లి రావడానికి సరిపోతుందో లేదో డ్యాష్‌బోర్డు మీద ఉన్న 12 గీతల్లో ఎన్ని మిగిలాయో చూస్తే చాలావరకు తెలుస్తుంది. పైగా లీఫ్‌కు ఉన్న వేగవంతమైన చార్జింగ్ పద్ధతి షాడెమో. కొత్తగా వస్తున్న చార్జింగ్ కేంద్రాల్లో అది అరుదైపోతోంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ షెవర్లే బోల్ట్. మంటలు లేచే ప్రమాదం ఉందని 2021లో తయారీ సంస్థ ఆ కార్లన్నిటినీ వెనక్కి పిలిపించింది. అలా బ్యాటరీ మార్పించుకున్న కారు పాతదే అయినా దాని గుండె కొత్తది. మరమ్మతుకు తీసుకెళ్లని కారు ఇతరులకు ప్రమాదం. కారు నంబరు కొట్టి రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకునే సదుపాయం ఎన్‌హెచ్‌టీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్ల హామీ ఇస్తాయి. అది ఎప్పటితో ముగుస్తుందో కూడా కాగితం మీద రాసి ఇవ్వాలి. బ్యాటరీ స్థితి తెలియనప్పుడు వేలంలో కొనేవాడు ధర తగ్గించే పాడతాడు. డీలరు దగ్గర ఒక బ్యాటరీ పరీక్ష చేయించి ఆ నివేదికను కారుతో జత చేస్తే, అమ్మినా ఇచ్చినా కారుకు తగిన విలువ దక్కుతుంది.

తీసుకునేవారి ఇంటి పరిస్థితి అన్నిటికన్నా ముఖ్యం. మామూలు 120 వోల్టుల ప్లగ్గుకు పెడితే గంటకు మూడు నుంచి ఐదు మైళ్ల చార్జ్ ఎక్కుతుంది. రాత్రి పది గంటలు పెడితే 30 నుంచి 50 మైళ్లు. రోజుకు అంతే తిరిగే కుటుంబానికి ఇది వరమే. ఆయిల్ మార్పించే పని లేదు, పెట్రోలు ఖర్చు లేదు. కానీ అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటూ కారు పక్కన ప్లగ్గు లేనివారి సంగతేమిటి? వారు బయటి ఫాస్ట్ చార్జర్ల మీద ఆధారపడాలి. అక్కడ ధర ఇంటి కరెంటుకన్నా బాగా ఎక్కువ. పని ముగించుకుని అలసిపోయి వచ్చిన తల్లి, చార్జింగ్ కేంద్రం దగ్గర కారులో పిల్లలతో కూర్చుని ఎదురుచూడాలి.

వేరే ఖర్చులూ ఉన్నాయి. టెక్సాస్‌లో ఎలక్ట్రిక్ కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి మామూలు రుసుము కాకుండా ఏటా 200 డాలర్లు అదనంగా కట్టాలి. న్యూజెర్సీలో ఈ అదనపు రుసుము 2024 జులైలో 250 డాలర్లతో మొదలై ఏటా 10 డాలర్ల చొప్పున పెరుగుతోంది. బరువైన కారు కనుక టైర్లు త్వరగా అరుగుతాయి. ఇన్సూరెన్సు సరేసరి. మనకు చిన్నగా కనిపించే ఈ మొత్తాలు నెల జీతం మీద బతికే ఇంటికి పెద్దవే.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో, విడుదల పొందిన దాసుణ్ణి వట్టి చేతులతో పంపవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. మందలో నుంచి, కళ్లంలో నుంచి, గానుగలో నుంచి ధారాళంగా ఇచ్చి పంపమన్నాడు. వాడు తన కాళ్ల మీద నిలబడడానికి కావలసినవి ఇవ్వాలన్నదే అందులోని భావం. కారు విషయంలోనూ అంతే. చార్జింగ్ కేబులు ఇంట్లో మరచిపోయి కారు ఇస్తే సగం కానుకే. సంఘానికి శక్తి ఉంటే మొదటి ఆరు నెలల ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా భరించాలి. ఆ శక్తి లేనప్పుడు కారు అమ్మి ఆ డబ్బుతో వారికి అవసరమైన సహాయం చేయడమే నయం.

బ్యాటరీ పూర్తిగా అయిపోయిన కారును మాత్రం బీదవారికి అంటగట్టవద్దు. కుంటిదాన్నీ రోగముగలదాన్నీ బలిపీఠం మీదికి తెచ్చినవారిని మలాకీ ప్రవక్త నిలదీశాడు. దాన్ని మీ అధికారికి ఇచ్చి చూడండి, తీసుకుంటాడా అని అడిగాడు. మన ఇంటివారిని ఎక్కించి పంపడానికి భయపడే కారును మరొకరి ఇంటికి పంపకూడదు. అలాంటి కారు బ్యాటరీలోనూ లిథియం, నికెల్ వంటి లోహాలు ఉంటాయి. వాటిని తిరిగి వెలికితీసే సంస్థలు ఉన్నాయి. పాత సామాను కొనేవారికి నేరుగా అమ్మి, వచ్చినంత కానుకల పెట్టెలో వేయవచ్చు.

సంఘ పెద్దలు గమనించవలసినవి

కారును నేరుగా సంఘానికి ఇచ్చేవారూ ఉంటారు. అమెరికా చట్టంలో సంఘాలు విడిగా దరఖాస్తు పెట్టకపోయినా, నియమాలకు లోబడి ఉంటే ధర్మసంస్థల కిందికే వస్తాయి. ఆ హక్కుతో పాటు బాధ్యత కూడా ఉంది. "ఈ కారు ఫలానా తమ్ముడికే ఇవ్వండి, నాకు రసీదు రాయండి" అని ఎవరైనా అడిగితే పెద్దలు ఒప్పుకోకూడదు. వ్యక్తి పేరు చెప్పి ఇచ్చింది ఆ వ్యక్తికి ఇచ్చిన బహుమతి అవుతుంది. అది ప్రేమతో చేసిన మంచి పనే కానీ, పన్ను మినహాయింపుకు అర్హమైన విరాళం కాదు. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే స్వేచ్ఛ సంఘానికే ఉండాలి. పాస్టరుగారి సేవకు ప్రతిఫలంగా సంఘం కారు ఇస్తే అది ఆయన ఆదాయంగా లెక్కకు వస్తుందని కూడా మరచిపోవద్దు.

రసీదులో లేని విలువ రాయమని ఒత్తిడి వస్తే నిలబడవలసింది కూడా పెద్దలే. తెలిసి తప్పుడు పత్రం ఇచ్చిన సంస్థకు జరిమానా ఉంది. జరిమానాకన్నా పెద్ద విషయం సాక్ష్యం. అననీయ సప్పీరా అమ్మినదంతా ఇవ్వనందుకు దోషులు కాలేదు. పొలం వారిది, డబ్బు వారిది. కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చూపించడమే వారి పాపం. రసీదు మీద అంకె పెంచి రాసుకోవడం దీనికి ఎంత దగ్గరగా ఉందో ఆలోచించండి.

కాగితాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లీజు మీద ఉన్న కారు మనది కాదు, దాన్ని ఇవ్వడానికి మనకు హక్కు లేదు. అప్పు మీద కొన్నదైతే బ్యాంకు నుంచి విడుదల పత్రం రావాలి. టైటిల్ మీద కొత్త యజమాని పేరు లేకుండా ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వవద్దు. కారు చేతులు మారిందని రాష్ట్ర వాహన శాఖకు తెలియజేయాలి. ఎలక్ట్రిక్ కార్లలో మరొక పని కూడా ఉంటుంది. ఫోనులోని యాప్ నుంచి కారును తొలగించాలి, కారులో నిలిచిపోయిన ఇంటి చిరునామా, ఫోను నంబర్లు, గ్యారేజీ తలుపు కోడ్ చెరిపేయాలి. లేకపోతే కారు ఎక్కడుందో పాత యజమానికి కనబడుతూనే ఉంటుంది. తీసుకున్నవారి గౌరవానికి అది భంగం.

ఈ అమ్మకం డబ్బును స్వదేశంలోని పరిచర్యకు పంపాలనుకునేవారు రెండు విషయాలు తెలుసుకోవాలి. భారతదేశంలోని సంస్థకు నేరుగా పంపిన డబ్బుకు అమెరికాలో మినహాయింపు రాదు. ఇక్కడ తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసం తెరిచిన ఖాతా ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లోనే ఉండి సంఘానికి పాత కారు ఇచ్చేవారికి మనం 80జి అని పిలుచుకునే మినహాయింపు వర్తించదు, అది డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాలకే. ఆర్‌సీ మాత్రం తప్పక మార్చాలి. కారు అమ్మేసినా రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వారే ప్రమాదానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దైవసేవకుడికి ప్రేమతో ఇచ్చిన కారు ఎవరి పేరు మీద ఉందో ఈ వారమే చూసుకోండి.

ఈ ఏడాది లెక్కలో చేరాలంటే కానుక డిసెంబరు 31లోపు చేతులు మారాలి. చివరి వారంలో తొందరపడి ప్రకటనలో కనబడిన నంబరుకు ఫోను చేసేకన్నా, ఇప్పుడే ఇంట్లో కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. బ్యాటరీ ఎలా ఉంది? మనమే అమ్మితే ఎంత వస్తుంది? కారుగానే అవసరమైన కుటుంబం, చార్జింగ్‌కు చోటున్న కుటుంబం మన సంఘానికి తెలుసా? సంస్థకు ఇస్తే దానికి చేరేది ఎంత? సంఘ పెద్దలు కూడా వాహనాల కానుకలపై ఒక చిన్న తీర్మానం రాసి పెట్టుకుంటే, అడిగినవారందరికీ ఒకే జవాబు చెప్పవచ్చు. పేద విధవరాలు కానుకల పెట్టెలో వేసిన రెండు కాసులను ప్రభువు చూశాడు. మన వాకిట్లో నిలిచిపోయిన కారును, దాన్ని మనం ఎవరి మేలు కోరి కదిలిస్తున్నామో కూడా ఆయన చూస్తాడు.